కడవల్లో జాతర

మొన్న తిరుపతిలో మా అక్క కూతురు తన హాల్లో హోమ్ థియేటర్ పెట్టించుకుంది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలలో స్టూలంత పెట్టె ఒకటి. బిగించడానికి వచ్చిన అబ్బాయి అన్నీ అమర్చాక, సోఫాలో మనిషి తల ఉండే ఎత్తులో చిన్న మైకు ఒకటి నిలబెట్టి, మమ్మల్నందరినీ కాసేపు మాట్లాడకుండా ఉండమన్నాడు. ఒక్కో స్పీకరూ వంతులవారీగా కుయ్యిమంది. ఏది ఎంత దూరంలో ఉందో, దేని శబ్దాన్ని ఎంత ఆలస్యంగా పంపాలో మిషనే లెక్క కట్టుకుంది. నేను కూర్చుని విని చెప్పనా అని అడిగాను. అవసరం లేదమ్మా, అదే వినేసింది అన్నాడు.

అతను తప్పేమీ అనలేదు. పని కూడా శుభ్రంగా చేశాడు. కానీ ఆ మాట వినగానే చిత్తూరులో మా ముందు పోర్షన్లో ఉండిన ఆయన గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఆ మైకును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దీనికి మెడ లేదే అని ఉండేవాడు. ఎందుకలా అనేవాడో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

ఎనభైల మొదట్లో నేను చిత్తూరు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని, బోర్డు మీద తీగలు గుచ్చుతూ, మదనపల్లెను మద్రాసుతో, మద్రాసును బెంగళూరుతో కలపడం నా పని. మా నాయన పోయాక అమ్మా నేనూ కోర్టు వెనక వీధిలో ఒక పొడవాటి ఇంట్లో వెనక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ముందు పోర్షన్లో ఆయనా, ఆయన భార్యా ఉండేవాళ్లు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. బస్టాండు దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఉండేది. నేను ఆయన్ని అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలిచేదాన్ని. ఊళ్లో మాత్రం ఆయన్ని అందరూ కడవలాయన అనేవారు.

స్పీకర్లను చెక్కపెట్టెల్లో కాకుండా మట్టికడవల్లో బిగించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ రోజుల్లో ఆ పని చాలా ఊళ్లలో చేసేవాళ్లు. ఈయన చేసే తీరు వేరు. స్పీకరు చంకన పెట్టుకుని కుమ్మరి దగ్గరికి వెళ్లి, కడవ పచ్చిగా ఉండగానే మూతి కొలిచి చేయించేవాడు. కాల్చిన తర్వాత ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. కణకణా మోగినవన్నీ పక్కకు పెట్టేసేవాడు. లోకమంతా మోగే కడవే మంచిదంటుంటే ఈయనొక్కడు అదే పనికిరాదంటున్నాడని కుమ్మరి నొచ్చుకునేవాడు. నీళ్లకైతే అదే మంచిదప్పా, నాకు మాత్రం కడవ మాట్లాడకూడదు, లోపల ఉండేదే మాట్లాడల్ల అనేవాడట. లోపల బూరుగు దూది కూరి, స్పీకరుకూ మూతికీ మధ్య పాత సైకిలు ట్యూబు కత్తిరించి చుట్టి, సందు లేకుండా మైనం పూసేవాడు. ఆ మైనం వాసన ఆయన చొక్కాల్లోంచి కూడా వచ్చేది.

మేం ఆ ఇంటికి చేరిన రెండోవారం, ఆదివారం మధ్యాహ్నం, వదిన వచ్చి మమ్మల్ని పిలిచింది. వాళ్ల ముందుగదిలో రెండు మూలల్లో ఇటుకల మీద రెండు పెద్ద కడవలు పక్కకు పడుకోబెట్టి ఉన్నాయి. గది మధ్యలో ఒక పేము కుర్చీ. దాని నాలుగు కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీసిన సున్నాలు. ఆ సున్నాల్లోంచి కుర్చీ జరిగితే ఆయనకు ఎక్కడలేని చిరాకు వచ్చేది. ఎంత పెద్దమనిషి కూర్చున్నా సరే, లేపి, కుర్చీ సరిచేసి, మళ్లీ కూర్చోబెట్టేవాడు.

నన్ను అందులో కూర్చోమని, తుండుగుడ్డతో కళ్లు కట్టుకోమన్నాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన తాళంచెవుల గుత్తి పట్టుకుని గది చుట్టూ తిరుగుతూ, ఆగి ఒకసారి గలగలలాడించేవాడు. నేను వేలు చూపించాలి.

"ఏం ఇనపడతా ఉండాదని నేను ఎవుర్నీ అడగను మ్మా. యాడ ఇనపడతా ఉండాదో సెప్పు" అన్నాడు.

ప్రతిసారీ సరిగానే చూపించాను. తర్వాత ఒక చెవి గట్టిగా మూసుకోమన్నాడు. తాళాలు మళ్లీ మోగాయి. నేను కిటికీ వైపు చూపించాను. మా అమ్మ నవ్వింది. ఆయన గుమ్మం దగ్గర, అమ్మ పక్కనే నిలబడి ఉన్నాడట.

అప్పుడు ఆయన నాకు చెప్పిన పాఠం ఇప్పటికీ మరిచిపోలేదు. శబ్దం దగ్గర ఉండే చెవికి ముందు చేరుతుంది, అవతలి చెవికి రవ్వంత తర్వాత. ఇటుపక్క గట్టిగా ఉంటుంది, అటుపక్క తల అడ్డమొచ్చి మెత్తబడుతుంది. ఆ రవ్వంత తేడా పట్టుకునే మనిషి తల తిప్పుతాడు. ఆ తేడాను మనమే తయారుచేసి రెండు చెవులకూ అందిస్తే, ఏమీ లేని చోట కూడా మనిషికి ఏదో ఉన్నట్టు వినిపిస్తుంది.

"ఒక సెవితో ఏమన్నారో తెలస్తాది. యాడనుంచి అన్నారో తెల్దు" అని ముగించాడు.

ఎంత ధీమాగా చెప్పాడంటే, అదేదో పుస్తకంలో చదివిన సంగతి అనుకున్నాను. తర్వాత వీణ రికార్డు ఒకటి పెట్టాడు. కడవలు రెండూ మూలల్లో ఉన్నాయి కదా, వీణ మాత్రం గోడ మధ్యలో కూర్చుని మోగింది. నేను తుండుగుడ్డ పైకి లేపి చూశాను. అక్కడ గోడకు తగిలించిన క్యాలెండరు తప్ప ఏమీ లేదు. ఆయన కడవల వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు.

ఆ తర్వాత నేను డ్యూటీ లేని పూటల్లా ఆ కుర్చీలో కూర్చోవడం అలవాటైంది. అప్పుడే ఆయన వెనక కడవలు మొదలుపెట్టాడు. చిన్నవి రెండు, కుర్చీ వెనక, మొహం గోడకు తిప్పి. వాటికి తీగ కలిపే పద్ధతి వేరు. మామూలుగా స్పీకరుకు ఒక కాలు యాంప్లిఫయరు ప్లస్సుకు, ఇంకో కాలు నేలకు, అంటే ఎర్తుకు. వెనకవాటికి నేల లేదు. ఒక కాలు ఎడమదాని ప్లస్సుకు, ఇంకో కాలు కుడిదాని ప్లస్సుకు. ఎదురింటి ప్లీడరు గుమాస్తా ఒకరోజు వచ్చి, అలా కలిపితే ఏమొస్తుందని అడిగాడు. చిత్తూరు కోర్టుల ఊరు కదా, కడవలాయన అతనికి కోర్టు భాషలోనే చెప్పాడు.

"ఇద్దరు సాక్షులుండారు. ఇద్దరూ ఒకే మాట సెప్తే ఆ మాట కొట్టేస్తా. ఇద్దరికీ యాడ తేడా వచ్చిందో అది మాత్రం ఎనక్కి పంపిస్తా."

పాడేవాడి గొంతు రెండువైపులా సమానంగా ఉంటుంది, అది వెనక్కి రాదు. జనం చప్పట్లు, హాలు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం, ఎవరో దగ్గడం, ఇవి రెండువైపులా ఒకేలా ఉండవు, వెనక్కి వస్తాయి. గుమాస్తా కుర్చీలో కూర్చుని ఒక కచేరీ రికార్డు విన్నాడు. ముందు పాట, చుట్టూ సభ. కచేరీ అయ్యాక చప్పట్లు మోగినప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక కడవలు బాగా మోగుతున్నాయని మెచ్చుకున్నాడు. కడవలాయన మొహం ముడుచుకుంది. వెనక కడవలున్నట్టు తెలిసిపోయిందంటే తప్పు చేసినట్టేనని, గుమాస్తా వెళ్లగానే వాటిని ఇంకో జానెడు జరిపి, మధ్యలో ఒక చిన్న రెసిస్టరు వేసి శబ్దం తగ్గించాడు. సౌండు పెంచమనే వాళ్లంటే ఆయనకు పడేది కాదు. సౌండు వేరు, చోటు వేరు, నేను చోటు అమ్ముతా అనేవాడు.

నా గురించి మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఈ పిల్ల చెవులంత మంచి చెవులు జిల్లాలోనే లేవనేవాడు. ఎక్స్చేంజిలో రోజంతా తిట్లే వినేదాన్ని. లైను దొరకలేదని, కట్ అయిందని, ఇంకెంతసేపని. నా చెవులను మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. నేనంటే ఉన్న గౌరవంతోనే ముందు నాకు వినిపిస్తున్నాడని అనుకునేదాన్ని. అమ్మతో కూడా ఆ మాటే అన్నాను.

ఆ సంవత్సరం వేసవికి ముందు ఆయనకు పెద్ద పని దొరికింది. మామిడి మండీ నడిపే ఆయన ఒకరు ఊరి బయట వేలూరు రోడ్డులో కొత్త ఇల్లు కట్టారు. సింగపూరు నుంచి బంధువులు తెచ్చిన స్టీరియో సెట్టు ఆ ఇంటి పెద్దహాల్లో ఊరికే పడి ఉంది. దానికి కడవలు అమర్చమని అడిగారు. ఆ ఇంట్లో మండీ ఆయన తల్లి ఉండేది. అందరూ అవ్వ అనేవాళ్లు. తుంటి ఎముక విరిగి మూడేళ్లుగా మంచం మీదే. పాత ఇల్లు గంగమ్మ జాతర సాగే వీధిలో ఉండేది. పెళ్లయి వచ్చిన ఏటినుంచీ ఆ ఇంటి అరుగు మీద నిలబడి గంగమ్మను చూసిన మనిషి. కొత్త ఇంటికి జాతరలో కొట్టే పలకల మోత కూడా వినిపించదు. ఈయన కడవల కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు అవ్వ, పాటలు నాకెందుకు నాయనా, జాతర ఇనిపిస్తావా అని అడిగిందట. సరే అని వచ్చేశాడు. ఎలా చేస్తాడో అప్పటికి ఆయనకే తెలియదు. అయినా సరే అన్నాడు.

జాతరనాడు పాత ఇంటి అరుగు రెండు చివర్లా రెండు మైకులు కట్టాడు. వాటిని స్టీరియో రికార్డరుకు కలిపి, టేపు మొదట్లో ఒక్కో మైకు దగ్గరికీ వెళ్లి ఇది ఎడమ, ఇది కుడి అని తన గొంతుతో చెప్పి, అరుగు మీదే కూర్చున్నాడు. పలకలు, పంబలు, వేషాలవాళ్ల కేకలు, ఆడవాళ్ల పిలుపులు, అన్నీ ఎడమచేతి వైపు అంగడివీధి నుంచి వచ్చి, అరుగు ముందునుంచి సాగి, కుడివైపు ఏటి దారిన వెళ్లిపోయాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, ఎండకు కమిలిన మొహంతో, దొరికింది మ్మా అన్నాడు.

ఆ రెండు మూడు రోజుల్లోనే నాకు ఒక సంగతి తెలిసింది. వీధిలో ఆయన నడిచిపోతుంటే కుడిపక్కన చేరి రెండుసార్లు పలకరించాను. ఆయన పలకకుండా వెళ్లిపోయాడు. పెద్దపని దొరికాక గర్వం వచ్చిందేమోనని వదినతో ఎగతాళిగా అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా అంది.

"కుడిపక్కనుంచి పిలిస్తే ఎట్ల ఇనపడతాది మే? ఆరేళ్లప్పుడు గవదబిళ్లలొచ్చి కుడిసెవి పూరా పోయిందిలే. నీకు తెలుసనుకున్నా."

మా పోర్షన్లోకి వచ్చి కూర్చున్నాను. అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎప్పుడూ మమ్మల్ని ఎడమవైపే నడవనిచ్చేవాడు. గోడను కుడివైపు పెట్టుకుని కూర్చునేవాడు. కుర్చీలో తాను ఒక్కసారి కూడా కూర్చోలేదు. తాళాల గుత్తి, తుండుగుడ్డ, యాడ ఇనపడతా ఉండాది అన్న ప్రశ్న, ఇవన్నీ నామీద గౌరవం కొద్దీ కాదు. ఆయనకు రెండో చెవి కావాలి, నన్ను వాడుకున్నాడు. మెచ్చుకోలంతా అందుకేనని అనిపించింది. చెప్పి ఉంటే సంతోషంగా కూర్చుని ఉండేదాన్ని. చెప్పకుండా, కొలతబద్దలాగా నన్ను ఆ సున్నాల మధ్య పెట్టాడని ఒళ్లు మండింది.

మండీవాళ్లింట్లో వినిపించే రోజు పొద్దున్నే ఆయన మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఇంట్లో వదిన లేదు, తమ్ముడికి జ్వరమని పుట్టింటికి పోయి సాయంత్రానికి వస్తానంది. కడవలన్నీ అమర్చేశానని, ఒక్క పది నిమిషాలు వచ్చి టేపు మొదలు విని చెబితే చాలని అడిగాడు. నాకు ఆరోజు సెలవు. అయినా డ్యూటీ ఉందని చెప్పాను. ఆయన సరేలే మ్మా అని వెళ్లిపోయాడు. నేను రోజంతా ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

సాయంత్రం వదిన వచ్చి బలవంతం చేస్తే నేనూ అమ్మా వెళ్లాం. హాలు నిండా జనం ఉన్నారు. ఇంటివాళ్లు, వంటమనిషి, కారు డ్రైవరు, పక్కిళ్ల ఆడవాళ్లు కలిసి పాతిక మంది దాకా. ముందు గోడ మూలల్లో బానలంత కడవలు, వెనక గోడకు తిరిగి రెండు చిన్నవి. కుర్చీ ఉండాల్సిన చోట అవ్వ మంచం. వీపు వెనక దిండ్లు పెట్టి ఆమెను కూర్చోబెట్టారు. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. టేపు మొదట్లో ఉన్న ఎడమా కుడీ అన్న మాటలు దాటించి, నేరుగా జాతర దగ్గర మొదలుపెట్టాడు.

పలకలు దూరంగా మొదలయ్యాయి. వీధి అక్కడ ఉంది. వెనక గోడ ఉన్న చోట గోడ లేదు, జనం ఉన్నారు. అందరూ అవ్వ వైపు చూస్తున్నారు. ఆమె మొహం కుడివైపుకు తిరిగింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. మోత దగ్గరకొచ్చేకొద్దీ ఆమెకు ఊపిరి ఆడనట్టయింది.

"ఒరే, ఆపండ్రా. అమ్మ అంగడివీధి పక్కనుంచి గదా వచ్చేది. ఏట్లోనుంచి వస్తా ఉండాదేమిరా? సాగనంపిన అమ్మ ఎనక్కి తిరిగొస్తా ఉండాదా?"

ఆయన చటుక్కున టేపు ఆపాడు. హాల్లో ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏటికి సాగనంపిన గంగమ్మ వెనక్కి రావడమంటే మాటలు కాదు. ఎడమ కడవ తీగ కుడికి, కుడిది ఎడమకు పడ్డాయని నాకు వెంటనే అర్థమైంది. పొద్దున నేను పది నిమిషాలు వచ్చి ఉంటే, టేపులో ఎడమ అన్న మొదటి మాటకే పట్టేసేదాన్ని.

మండీ ఆయన బావమరిది ముందుకొచ్చాడు. మొదటినుంచీ మద్రాసు కంపెనీవాళ్లను పిలిపిద్దామని అంటున్న మనిషి. పొద్దుననుంచీ ఇక్కడే ఉండి ఒక్కసారి కూడా వినలేదా, ఎడమకూ కుడికీ తేడా తెలియలేదా అని నిలదీశాడు. తీగలు మారాయని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరో తుడిచేటప్పుడు లాగేశారని చెప్పినా నమ్మేవాళ్లు. ఆయన తల ఎత్తి అందరివైపూ చూశాడు.

"మంచం కాడ నిలబడి పదిసార్లు ఇన్నాను. నాకు తెల్దు. నాకు కుడిసెవి ఇనపడదు."

బావమరిది నవ్వాడు. ఒంటిచెవితో ఈ పని ఎట్లా చేస్తా ఉండావయ్యా అన్నాడు.

"రెండు సెవులుండేవోళ్లు వాళ్ల సెవినే నమ్ముకుంటారు. నేను అందర్నీ అడిగి సేస్తా. అందుకే నా పని బాగుంటాది. ఈ పొద్దు ఎవుర్నీ అడగలేదు. అది నా తప్పు."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. వంగి తీగలు మార్చాడు. తర్వాత హాల్లో ఉన్నవాళ్లందరినీ కళ్లు మూసుకుని, ఎక్కడ వినపడితే అటు వేలు చూపించమన్నాడు. టేపు మొదటికి తిప్పాడు. ఇది ఎడమ అని ఆయన గొంతే వినపడింది. కళ్లు తెరిచి చూస్తే, పాతిక వేళ్లు ఎడమవైపు చూపిస్తున్నాయి. వంటమనిషి గరిటె కూడా అటే చూపిస్తోంది. బావమరిది వేలు కూడా. ఇది కుడి అనగానే పాతిక వేళ్లూ కుడికి తిరిగాయి. అవ్వ కూడా దుప్పటిలోంచి చెయ్యి తీసి చూపించింది.

మళ్లీ జాతర మొదలైంది. ఈసారి పలకలు అంగడివీధి వైపునుంచి వచ్చాయి. అవ్వ మెడ ఎడమకు తిరిగి అక్కడే నిలిచింది. మోత దగ్గరయ్యేకొద్దీ ఆ మెడ కొద్దికొద్దిగా ముందుకు తిరుగుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి వెనక్కి చూసి, జరిగి నిలబడండమ్మా అని ఎవరితోనో అంది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. మండీ ఆయన మంచానికి ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పక్కకు జరగరా, అమ్మొస్తా ఉండాది" అంది అవ్వ.

ఊళ్లో అందరూ ఒదిగి దారిచ్చే మనిషి గబుక్కున రెండడుగులు పక్కకు జరిగాడు. అవ్వ చేతులెత్తి మొక్కింది. పలకలు ఆమె ముందునుంచి సాగి కుడివైపుకు వెళ్లాయి. మెడ వాటి వెంటే తిరిగింది. మోత ఏటి దారిన సన్నబడి ఆగిపోయేదాకా చేతులు దించలేదు. మా అమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను. కడవలాయన మాత్రం అవ్వ మెడనే చూస్తూ నిలబడి ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన మా గుమ్మం దగ్గర నిలబడి, ఎడమచెవి నావైపు తిప్పి, తన సంగతి తానే చెప్పాడు. ముందే చెప్పి ఉండాల్సిందనీ, చెబితే పని పోతుందని ఇరవై ఏళ్లుగా దాచాననీ అన్నాడు. మరి సరిగ్గా కుదిరిందని నీకెలా తెలుస్తుందని అడిగాను.

"మెడ సూస్తా. నోరు మర్యాదకు బాగుందంటాది. మెడ అట్ల అబద్ధం సెప్పదు" అన్నాడు.

ఇకమీద అడిగే అడుగుతాను, వచ్చి కూర్చుంటావా అన్నాడు. వస్తానన్నాను. నా అబద్ధం సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

బావమరిది ఊరుకోలేదు. ఒంటిచెవివాడి సౌండని ఊరంతా చెప్పాడు. రెండు మూడు నెలలు ఆయనకు కొత్తపని ఒక్కటీ రాలేదు. అంగడిలో రేడియోలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. కానీ దారిమ్మన్న అవ్వ కథ కూడా ఊళ్లో తిరిగింది. మామిళ్ల కాలం ముగిసేసరికి పలమనేరు నుంచి ఒకరు, పుంగనూరు నుంచి ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. అప్పటినుంచీ ఏ ఇంటికి వెళ్లినా మొదట చెప్పే మాట మారింది. నాకు ఒక చెవే, మీకందరికీ రెండేసి ఉన్నాయి, సాయం చెయ్యండి అనేవాడు. ఇంటివాళ్లంతా కళ్లు మూసుకుని వేళ్లు చూపించేవాళ్లు. తామే చేసుకున్నట్టు మురిసిపోయేవాళ్లు కూడా. పని ఇదివరకటికంటే బాగా కుదిరేది.

రెండేళ్లకు నన్ను తిరుపతి ఎక్స్చేంజికి మార్చారు. సామాను ముందే లారీలో పంపేశాం. చిత్తూరు బస్టాండుకు ఆయన సంచి మోసుకొచ్చి మమ్మల్ని బస్సెక్కించాడు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఇంజను మొదలైంది. చుట్టూ కండక్టర్ల కేకలు, హారన్లు. నేను లేచి కిందికి దిగాను. వెళ్లిపోతున్న ఆయన్ని అందుకుని, ఎడమవైపు నిలబడి చెప్పాను.

"అన్నా, ఆ పొద్దు నాకు డ్యూటీ లేదు."

"తెలుసు మ్మా. మధ్యాన్నం మండీ ఇంట్లోనుంచి ఎక్స్చేంజికి ఫోన్ సేసినా, నిన్ను పది నిమిషాలు పంపిస్తారేమోనని. నీకు ఆ పొద్దు సెలవని సెప్పినారు."

రెండేళ్లుగా ఆయనకు తెలుసు. మరెందుకు అడగలేదు అన్నాను.

"అడిగితే తప్పు సేసినానని మనసులో పెట్టుకుని, నాకు నొప్పి తగలకూడదని, యాడ ఇనపడినా బాగుందనే సెప్తావు. అట్లాంటి సెవి నాకెందుకు?" అన్నాడు.

అంతటితో ఆ సంగతి ఆయనకు అయిపోయింది. కండక్టరు విజిలు వేస్తుంటే కూడా నన్ను వదలకుండా, తిరుపతిలో ఇల్లు చూసేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పాడు. గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. చప్పుడు గోడలకు కొట్టుకుని గణగణా తిరిగొస్తే ఆ ఇల్లు వద్దు. కొట్టినచోటే ఆగిపోతే అడ్వాన్సు ఇచ్చెయ్యాలి.

తిరుపతిలో మూడిళ్లు చూశాను. మూడింట్లోనూ చప్పట్లు తిరిగొచ్చాయి. అమ్మకు ఆ మూడూ నచ్చాయి, నేను వద్దన్నాను. నాలుగోది చెక్కదూలాల పాతమిద్దె. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టగానే ఇంటావిడ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. చప్పుడు కొట్టినచోటే ఆగింది. ఇల్లు నచ్చిందని చెప్పి, గది పొడవూ వెడల్పూ కార్డు మీద రాసి చిత్తూరుకు పోస్టు చేశాను.

మూడో ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. రెండు చంకల్లో గోనెసంచులు చుట్టిన రెండు కడవలు. వెనక వదిన చేతుల్లో చిన్నవి రెండు. లోపలికొచ్చి, చెంబుతో ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా గది నాలుగువైపులా చూశాడు. జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతికిచ్చి, "కుర్చీ యాడ ఏస్తాం మ్మా?" అని నన్నే అడిగాడు.